218 ఎక్కితే బేగంబజార్

మా బాపు సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. జీతం ఏడో తారీఖున చేతికొచ్చేది. ఇంట్లో సరుకులు కూడా ఆ ఏడో తారీఖు చుట్టూనే తిరిగేవి. జీతం రాగానే సేటు ఖాతా కట్టెయ్యడం, కొన్నాళ్లు చేతి డబ్బుతో కొనుక్కోవడం, ఇరవై దాటగానే మళ్లీ ఉద్దెర. 1980ల చివర్లో బోరబండ బస్తీల్లో ఏ ఇంటికెళ్లినా లెక్క ఇదే. తారీఖులే కొంచెం అటూ ఇటూ.

అప్పటి బోరబండ అంటే గుట్టలు, బండలు, సైట్ వన్, సైట్ టూ అని నంబర్లతో పిలిచే కాలనీలు. సనత్‌నగర్, బాలానగర్, మూసాపేట ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, మేస్త్రీలు, కూలీలు, చిన్న ఉద్యోగులు. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు గానీ గల్లీకో కిరాణం మాత్రం ఉండేది. మా గల్లీ మొదట్లో ఉన్న సేటు దుకాణం ముందర అంచులు మడిచిన గోనెసంచుల్లో కందిపప్పు, పెసరపప్పు, పుట్నాలు, చక్కెర, దొడ్డుప్పు వరసగా ఉండేవి. పైనుంచి పురికొస ఉండ వేలాడేది. పాత పేపర్లో పప్పు పోసి, కొస గిరగిరా చుట్టి, ఒక్క గుంజుతో తెంపేవాడు. పొట్లం విప్పాక ఆ పేపర్ ముక్క చదవడం గురించి అందరూ రాసేశారు కాబట్టి నేను వదిలేస్తున్నాను.

సేటు దగ్గర ధర బజారు కంటే ఎక్కువ. అమ్మకు ఆ సంగతి మనందరికంటే బాగా తెలుసు. బాపు అప్పుడప్పుడు గొణిగేవాడు, ఎర్రగడ్డలో ఇంత తక్కువ, అమీర్‌పేటలో అంత తక్కువ అని. "తీసుకుంటే తీసుకోనీ. ఇరవై ఐదో తారీఖు నాడు నీ పిల్లలకు పప్పు ఎవడు పెడ్తడు?" అనేది అమ్మ. ఆ మాటకు బాపు దగ్గర జవాబు ఉండేది కాదు. పైగా సేటు ఎంత తక్కువైనా ఇచ్చేవాడు. అర్ధరూపాయి చాయ్‌పత్తా, చిన్న సీసాలో అడుగు తడిసేంత పల్లినూనె, ఒక పూటకు సరిపోయే కారంపొడి. ఈరోజు సూపర్ మార్కెట్‌లో అర కిలో కన్నా తక్కువ ప్యాకెట్ కోసం వెతికితే తెలుస్తుంది, చిల్లరగా కొనగలగడం ఎంత పెద్ద సౌకర్యమో.

ఖాతాబుక్కులు రెండు. ఎర్ర అట్ట ఉన్న పొడుగాటిది సేటు దగ్గర. చిన్న నోటుబుక్కు మా దగ్గర. నేను పోతే రెండింట్లోనూ రాయించుకుని రావాలి. తిరిగొచ్చాక అమ్మ కూడిక చూసేది. అమ్మ చదివింది ఐదో తరగతే గానీ సేటు లెక్కలో పావలా తేడా వచ్చినా పట్టేది. కొత్తగా బస్తీలోకి వచ్చినవాళ్లకు సేటు ఉద్దెర ఇచ్చేవాడు కాదు. ఇల్లు ఎవరిది, పని ఎక్కడ, ఎన్నాళ్లుంటారు అని ఆరా తీసి, పాత ఖాతాదారు ఒకరు మాట ఇస్తే అప్పుడు పేజీ తెరిచేవాడు. ఇంటి ఎదురుగానే దుకాణం ఉన్నా కొన్ని ఇళ్లకు అది అందుబాటులో లేదన్నమాట. మా పక్కింట్లో ఉన్న పాలమూరు మేస్త్రీ కుటుంబానికి మా అమ్మే పూచీ ఉంది. ఆయన పని దొరక్క ఊరికి పోయిన నెలలో సేటు మా గుమ్మం దాకా వచ్చాడు కూడా. మేస్త్రీ భార్య మళ్లీ వచ్చి కట్టేదాకా అమ్మకు టెన్షనే.

ఇక కంట్రోల్ దుకాణం. 1983లో ఎన్.టి.ఆర్. ప్రభుత్వం మొదలుపెట్టిన రెండు రూపాయల కిలో బియ్యం మా ఇంట్లో పొయ్యి మీదికి రోజూ వచ్చేది. గ్యాసునూనె, పామాయిల్, చక్కెర కూడా అక్కడే. ఎప్పుడు తెరుస్తాడో బోర్డు మీద రాసి ఉండేది, ఆ బోర్డును ఎవరూ నమ్మేవారు కాదు. లారీ వచ్చిందన్న కబురు గల్లీల్లో పరుగెత్తేది, దాని వెనకే పిల్లలం డబ్బాలు పట్టుకుని. నిలబడలేనివాళ్లు లైన్లో తమ డబ్బానో, రాయినో పెట్టి ఇంటికెళ్లి వచ్చేవారు. రాయికి కూడా అక్కడ మర్యాద ఉండేది, ఎవరూ పక్కకు తన్నేవారు కాదు. ఆ బియ్యం దొడ్డువి, కొంచెం వాసన. అట్లకు, గట్కకు బాగానే ఉండేవి. చుట్టాలొస్తే మాత్రం అమ్మ వేరే డబ్బా తీసేది.

వేరే డబ్బాలో ఊరి బియ్యం. మా ఊరు జోగిపేట దగ్గర. మాకున్న ఎకరంన్నరలో పండినదాన్ని బాబాయి మరాడించి, బస్తా మూతి కుట్టి, బస్సు టాపు మీద వేయించేవాడు. ఇంకా చింతపండు ముద్ద, ఎండు మిరపకాయలు, సీజనైతే మక్క కంకులు. ఎర్రగడ్డ చెస్ట్ హాస్పిటల్ దగ్గర బస్సు ఆపించి దింపుకోవడం బాపు పని, రిక్షా మాట్లాడటం నా పని. హైదరాబాద్‌లో అప్పట్లో సగం వంటిళ్లు ఇలా జిల్లాల మీద ఆధారపడి నడిచేవి. ఎవరి ఇంట్లో తింటే వాళ్ల ఊరి బియ్యం తిన్నట్టే. నల్గొండ వాళ్లు మిర్యాలగూడ సన్నాల గురించి గొప్పలు పోయేవారు. మాకు కోపం వచ్చేది గానీ వాళ్ల అన్నం నిజంగానే బాగుండేది.

అన్నిటికంటే పెద్ద పని బేగంబజార్. ఏడాదిలో ఎండాకాలం ముందర ఒకసారి, దసరాకు ముందర ఒకసారి తప్పనిసరి. అమ్మ ఒక్కతే పోయేది కాదు. అక్కడ చిల్లరగా అడిగితే వ్యాపారి మొహం కూడా తిప్పడు, ఐదు కిలోలు, పది కిలోలు తీసుకుంటేనే ధర. అందుకని గల్లీలో ముగ్గురు నలుగురు ఆడవాళ్లు కలిసి చీటీ రాసుకునేవారు. పది కిలోల కందిపప్పు నాలుగు ఇళ్లకు, ఐదు కిలోల ధనియాలు మూడు ఇళ్లకు. ఆ చీటీ రాయడం నా బాధ్యత కాబట్టి నన్నూ తీసుకెళ్లేవారు. ఎర్రగడ్డలో 218 ఎక్కి కోఠీలో దిగి, అక్కడి నుంచి నడక.

రెండో నిజాం భార్య హమ్దా బేగం వ్యాపారుల కోసం ఇచ్చిన జాగా కాబట్టి దానికా పేరు అంటారు. నేను మొదటిసారి చూసినప్పుడు నాకు చరిత్ర ఏమీ తెలియదు. ఇరుకు గల్లీ, తల మీద బస్తాలతో "హటో హటో" అంటూ దూసుకొచ్చే హమాలీలు, మిరప ఘాటుకు తుమ్ములు, పక్క గల్లీలోకి తిరగగానే ఇత్తడి బిందెల మోత. ఒక గల్లీ అంతా గిన్నెలు, ఇంకో గల్లీ అంతా డ్రై ఫ్రూట్స్, ఇంకోదాంట్లో పూజ సామాను. పప్పులకు, మసాలాలకు పక్కనే ఉస్మాన్‌గంజ్ కూడా చూసి వచ్చేవాళ్లం. ఉల్లిగడ్డ మాత్రం మలక్‌పేట గంజ్‌లో చవకని అందరికీ తెలుసు. కానీ బస్తా ఉల్లిగడ్డ వేసుకుని రెండు బస్సులు మారేదెవరు? చవక ఎక్కడుందో తెలిసినా ఆ బరువు మోసేవాడు లేకపోతే లాభం లేదు.

మా ఆడవాళ్ల బేరం హిందీ, తెలుగు, చేతివేళ్లు మూడూ కలిపి సాగేది. మార్వాడీ సేట్లకు తెలుగు శుభ్రంగా వచ్చు. అయినా మావాళ్లు హిందీలోనే మొదలుపెట్టేవారు, వాళ్లు తెలుగులో జవాబిచ్చేవారు. "కిత్‌నా భయ్యా" అంటే "అమ్మా, పోయినసారి రేటే" అని. పోయినసారి రేటు ఎంతో ఇద్దరికీ గుర్తుండేది కాదు. పొద్దున పదిన్నరకు ముందు పోతే బోణీ బేరం కాబట్టి కొంచెం దిగుతాడని మా ఎదురింటి పెద్దమ్మ నమ్మకం. ఆమె పప్పు గింజను పంటి కింద పెట్టి కొరికి చూసేది, మిరపకాయను విరిచి గింజలు చూసేది, పసుపు కొమ్మును గోటితో గీకేది. ఇప్పుడు ప్యాకెట్ వెనక తారీఖు చూసి కొంటున్నాం. ఆ తారీఖు చెప్పేదాని కంటే పెద్దమ్మ పన్ను చెప్పేదే ఎక్కువ.

తిరిగి రావడమే అసలు కష్టం. సంచులు చూసి కండక్టర్ మొహం మాడ్చేవాడు, లగేజీ టికెట్ తీయమనేవాడు. మావాళ్లు నలుగురూ నాలుగు చోట్ల కూర్చుని, ఎవరి కాళ్ల దగ్గర వాళ్లు సంచి సర్దుకునేవారు, ఎవరికెవరూ తెలియనట్టు. నేను మధ్యలో నిలబడి అందరి సంచుల మీదా ఒక కన్నేసి ఉంచాలి. డబ్బు మిగిలిన ఏడాది బస్సెక్కే ముందు మొజంజాహి మార్కెట్ దాకా నడిచి ఐస్‌క్రీమ్ తినేవాళ్లం. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్‌లో ఒకప్పుడు పండ్ల హోల్‌సేల్ జరిగేదని, తర్వాత కొత్తపేటకు మారిందని పెద్దమ్మ చెప్పేది. నా ధ్యాసంతా సీతాఫలం ఐస్‌క్రీమ్ మీద ఉండేది.

కూరగాయల సంగతి వేరు. అవి నిలవ ఉండవు కాబట్టి బస్సెక్కి తెచ్చుకోలేం. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు నుంచి గంపలతో వచ్చే ఆడవాళ్లు, తోపుడు బండ్లు, ఇవే మాకు దిక్కు. గోకరకాయ, పుంటికూర, ఆనిగెపుకాయ, టమాట. పొద్దున వచ్చే బండి దగ్గర తాజాగా ఉండేది, ధర ఎక్కువ. పొద్దుగూకినాక వాడిపోయినవి తక్కువకు దొరికేవి. మా ఇంటికి వచ్చేవి ఎక్కువగా పొద్దుగూకినాక దొరికేవే.

1999 జనవరిలో రైతుబజార్లు వచ్చాయి. మాకు దగ్గరది ఎర్రగడ్డ. ప్రభుత్వ పథకాల గురించి మా బాపుకు మంచి అభిప్రాయం ఉండేది కాదు గానీ, రైతుబజారును మాత్రం ఆయన సొంత చుట్టం పెళ్లిలా చూశాడు. రైతుకు గుర్తింపు కార్డు, కూర్చోవడానికి కిరాయి లేని జాగా, ప్రభుత్వమే ఇచ్చే త్రాసు. పొద్దున్నే ఎస్టేట్ ఆఫీసరు, రైతులు కలిసి ధరలు ఖాయం చేసి బోర్డు మీద రాసేవారు. హోల్‌సేల్ ధర మీద రైతుకు పాతిక శాతం దాకా ఎక్కువ రావాలి, బయట చిల్లర ధర కంటే కొనేవాళ్లకు పాతిక శాతం దాకా తగ్గాలి. పద్ధతి అది. సరుకుతో వచ్చే రైతులకు ఊళ్ల నుంచి ఆర్టీసీ బస్సులు కూడా వేశారు.

బాపు నైట్ డ్యూటీ దిగి అట్నుంచి అటే పోయేవాడు. ఇంట్లో గొర్రెతోకంత సంచి ఇచ్చి పంపితే సైకిల్ హ్యాండిల్‌కు రెండు వైపులా నిండు సంచులతో వచ్చేవాడు. తక్కువ కదా అని నాలుగు కిలోల టమాట తెచ్చి పెడితే, ఫ్రిజ్ లేని ఇంట్లో మూడు రోజులు పప్పులో టమాట, పచ్చడిలో టమాట, చారులో టమాట. అమ్మ తిట్టేది. కూర్చున్న రైతులతో ఆయనకు పంట కబుర్లు. మంబాపూర్ ఎల్లయ్య, శంకర్‌పల్లి ఆయన అని పేర్లు, ఊళ్లు కలిపి మాట్లాడేవాడు. నగరంలో ఇరవై ఏళ్ల పైన ఉన్న మనిషి, ఆ రెండు గంటలు మళ్లీ ఊళ్లో ఉన్నట్టుండేవాడు. కొన్నాళ్లకు కార్డు ఒకరిది, కూర్చునేది ఇంకొకరు అన్న గొడవ మొదలైంది. చేతులు చూస్తే రైతు ఎవరో దళారి ఎవరో తెలిసిపోతుంది అనేవాడు బాపు. దళారి దగ్గర కూడా కొనేవాడు లెండి, బెండకాయ లేతగా ఉంటే.

సూపర్ మార్కెట్ల గురించి నాకు పెద్దగా జ్ఞాపకాలు లేవు. 1986లో హైదరాబాద్‌లోనే పుట్టిన త్రినేత్ర దుకాణాలు చాలా చోట్ల ఉండేవి. నేను డిగ్రీలో ఉండగా అమ్మను ఒకసారి అలాంటి ఒక సూపర్ మార్కెట్‌కు తీసుకెళ్లాను. గుమ్మంలో సంచి తీసుకుని టోకెన్ ఇచ్చారు. తను తెచ్చుకున్న సంచి లాక్కుని, లోపల ప్లాస్టిక్ బుట్ట ఇవ్వడం అమ్మకు అవమానంగా తోచింది. అన్నీ తాకి చూసింది, ఉప్పు ప్యాకెట్ ఒకటి కొంది, టోకెన్ ఇచ్చి సంచి తీసుకుని బయటపడ్డాం. తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. 2006 చివర్లో రిలయన్స్ ఫ్రెష్ దేశంలో తన మొదటి దుకాణాలు మన ఊళ్లోనే తెరిచింది, 2007లో త్రినేత్ర ఆదిత్య బిర్లా వాళ్ల చేతికి పోయి మోర్ అయింది, మద్రాసు నుంచి వచ్చిన సుభిక్ష 2009కల్లా మూతబడింది. మా సేటు ఇవన్నీ చూస్తూ అక్కడే కూర్చున్నాడు. ఆయన కొడుకు ఇప్పుడు కూర్చుంటున్నాడు. గోనెసంచుల బదులు ప్యాకెట్లు, ఎర్ర ఖాతాబుక్కు బదులు డబ్బు పడిందని అరిచే స్పీకర్ డబ్బా. ఉద్దెర మాత్రం ఇప్పటికీ ఉందట, వాట్సాప్‌లో రాసుకుంటాడట.

బాపు పోయాక అమ్మ నిజాంపేటలో మా దగ్గరికి వచ్చింది. పదో అంతస్తు. ఇక్కడ సరుకులకు లోటేమీ లేదు. మెయిన్ రోడ్డు మీద సూపర్ మార్కెట్లు వరసగా ఉన్నాయి, నెల మొదటి ఆదివారం డీమార్ట్‌లో ట్రాలీలు ఒకదానికొకటి గుద్దుకుంటాయి, యాప్‌లో నొక్కితే చాయ్ మరిగేలోపు పాలు వస్తాయి. కానీ అమ్మకు వీటిలో ఏదీ అందదు. మెయిన్ రోడ్డు దాటాలంటే ఆమెకు భయం, నిజంగా భయపడాల్సిన రోడ్డే అది. యాప్‌లో అక్షరాలు చిన్నవి, ఓటీపీలు, పేమెంట్లు. తోపుడు బండి గేటు లోపలికి రావడానికి అసోసియేషన్ ఒప్పుకోదు, సెక్యూరిటీ అంటుంది. అరవై ఏళ్లు దాటిన మనిషికి ఒక కట్ట కొత్తిమీర కావాలంటే కోడలినో మనవడినో అడగాలి. జీవితమంతా ఇంటి ఖర్చు తన చేతి మీదుగా నడిపిన మనిషి, కొత్తిమీరకు ఇంకొకరి ఫోన్ కోసం ఎదురుచూడటం నాకే బాగుండేది కాదు.

2020 లాక్‌డౌన్‌లో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. సరుకుల కోసం ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు దాటి పోవద్దన్నారు పోలీసులు. మ్యాప్‌లో మా ఇంటి చుట్టూ మూడు కిలోమీటర్ల గుండ్రం గీసి చూశాను. అందులో సినిమా హాళ్లు, కోచింగ్ సెంటర్లు, బంగారం షాపులు చాలా పడ్డాయి. నడిచి పోగలిగిన కూరగాయల మార్కెట్ ఒక్కటీ పడలేదు. ప్రభుత్వం వ్యాన్లలో మొబైల్ రైతుబజార్లు పంపడం మొదలుపెట్టాక, మా గేటు ముందు కూడా ఒకటి ఆగింది. ఆ కొన్ని వారాలు అమ్మ మాస్కు కట్టుకుని అందరికంటే ముందు దిగి నిలబడేది. మిగతా ఫ్లాట్ల వాళ్లు ధర అడక్కుండా తూయించుకుంటుంటే, బెండకాయ తల విరిచి చూపిస్తూ బేరం చేసింది. వ్యాను వాడికి అది కొత్తగా ఉన్నట్టుంది, నవ్వి రెండు పచ్చిమిరపకాయలు ఎక్కువేశాడు.

2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులు ఫ్రీ అయ్యాయి. నెల తిరక్కుండానే అమ్మ ఆధార్ కార్డు పర్సులో పెట్టుకుని ఎర్రగడ్డ రైతుబజారుకు బయల్దేరింది. కూకట్‌పల్లిలోనూ రైతుబజారు ఉంది, దగ్గర కూడా. ఆ మాట చెబితే, "ఆడ నాకెవరు తెలుసు?" అంది. ఎర్రగడ్డలో తెలిసినవాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు, వాళ్ల కొడుకులు కోడళ్లు కూర్చుంటున్నారు. వాళ్లు బాపును గుర్తుపట్టి అడుగుతారట. రోడ్డు దాటడానికి మా వాచ్‌మన్ భార్య తోడు. ఆమెకూ జీరో టికెట్టే, ఆమె సంచి కూడా నిండుతుంది. ఇద్దరూ వారానికి ఒక రోజు పొద్దున ఆరింటికే గేటు దాటుతారు.

బస్సులో నిలబడాల్సి వస్తుందని, సీట్ల కోసం కొట్లాటలని అమ్మ వచ్చి చెబుతూనే ఉంటుంది, మళ్లీ వారం ఆగదు. మొన్న వచ్చి సంచులు వంటింట్లో బోర్లించింది. పుంటికూర, చిక్కుడుకాయ, నాలుగు కట్టల కొత్తిమీర, మా ఇంట్లో ఎవరూ తినని పొట్లకాయ. యాప్‌లో ధరలు చెప్పమని నా భార్యను అడిగింది. ఒక్కొక్కటే చదివించుకుని, వేళ్ల మీద లెక్కపెట్టి, నూట పది రూపాయలు మిగిలాయని తేల్చింది.

"బస్సు ఫ్రీ సరే అత్తమ్మా, స్టాపు నుంచి ఇంటిదాకా ఆటోకు ఎనభై అయ్యింది కదా" అంది నా భార్య.

"అది నేనెందుకు లెక్కపెడ్త? ఆటో పైసలు నీ మొగుడు ఇచ్చిండు" అంది అమ్మ, పొట్లకాయ కోస్తూ.